సొరంగంలో బ్రేకు

మేడ మీది గదిలో ఉన్నంతసేపూ బావను "బావా" అని పిలవకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు. మెట్లెక్కి గడప దాటాక ఆయన డ్రైవరుగారు, బావమరిది స్టేషను మాస్టరుగారు. కింద "ఒరేయ్ రేడియో, ఆ పేపరు ఇలా తగలెయ్యి" అని కసిరిన నోటితోనే, పైకి రాగానే "మాస్టరుగారూ, లైను ఎప్పుడిస్తారండీ?" అని అడిగేవాడు ఆ పెద్దమనిషి. టీ పట్టుకొచ్చిన అక్కకు ఈ మర్యాదలు చెవిన పడ్డప్పుడల్లా నవ్వాగేది కాదు.

"ఇద్దరి వయసూ కలిపితే నూరు దాటి ఎన్నాళ్ళయిందో! బుద్ధి మాత్రం ఒక్కరికీ రాలేదు," అని కప్పులు అక్కడ పెట్టి వెళ్ళిపోయేది.

రేడియో అన్నది ఆ బావమరిది పేరే. వీధి మొదట్లో చిన్న కొట్టు పెట్టుకుని ఏళ్ళ తరబడి రేడియోలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు బాగుచేశాడు కనక ఆ పేరు అతుక్కుపోయింది. అసలు పేరు అడిగితే అతనే ఒక్క క్షణం ఆలోచిస్తాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి. పక్క సందులో ఒంటి గది, పొద్దున లేస్తే అక్కగారిల్లు. ఇక బావ సంగతి. కొండ సెక్షన్లో గూడ్సు బళ్ళు ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి ఉద్యోగం ముగించిన డ్రైవరు. ఆయన గొప్పలు చెప్పుకునే రకం కాదు. ఒక్కటి మాత్రం ఎవరడిగినా అడక్కపోయినా చెప్పేవాడు: సర్వీసు మొత్తంలో ఒక్కసారి కూడా ఎర్ర సిగ్నలు దాటలేదు. దాటిన డ్రైవర్ని అక్కడికక్కడే ఇంజను దించేస్తారట. ఆ తర్వాత ఆ బండిని అతని చేత ఒక్క అంగుళం కదపనివ్వరట.

రిటైరయ్యాక ఇద్దరూ కలిసి ఆ గదిలో కొండ కట్టారు. నవ్వితే నవ్వండి, కొండే కట్టారు. తలుపు తీస్తే గోడ వారగా మనిషి పట్టేంత సందు, మిగతాదంతా కొండే. బల్లల మీద ఇనప వల వంచి, జిగురులో నానేసిన పాత పేపర్లు పొరలు పొరలుగా అంటించి, పైన సుద్ద పూసి, దానికి టీ నీళ్ళతో మట్టి రంగు వేశారు. స్పాంజి ముక్కలు చెట్లయ్యాయి. అడుగు స్టేషనులో బయల్దేరిన గూడ్సు కొండను రెండు చుట్లు చుట్టి, వంతెన దాటి, శిఖరం కింద సొరంగంలో దూరి, అవతల పై స్టేషనులో తేలుతుంది. అక్కడ కాస్త చదును. చదును చివర ఆవగింజంత ఎర్రదీపం. దాని తర్వాత అటువైపు దిగుడు.

వ్యాగన్లలో బొగ్గు నిజం బొగ్గే. రేడియో సుత్తితో చితక్కొట్టి జల్లెడ పట్టాడు. బొగ్గు అడుగున సీసం ముక్కలు. "బరువు లేని బండీ ఒక బండేనా?" అన్నది బావ వాదం. ఆ బరువుకు ఇంజను మొదటి చుట్టులోనే చతికిలబడితే, వెనక నుంచి తోయడానికి మరో ఇంజను పెట్టారు. బండి నడిచేది నత్త నడక. అసలు గూడ్సు ఆ కొండ మీద ఎంత నెమ్మదిగా ఎక్కేదో ఇదీ అంతే నెమ్మదిగా ఎక్కాలి. ఒకసారి పక్కింటి దర్జీ సరదాపడి చూడ్డానికి వచ్చాడు. బండి ఆగి ఉంది.

"కదలదేంటండీ?" అన్నాడు.

"క్రాసింగు. పైనుంచి ఖాళీ బండి దిగుతోంది. అది లోపలికొస్తేగానీ మనకు లైను లేదు," అన్నాడు బావ.

దర్జీ కాసేపు నిలబడ్డాడు, ఆవలించాడు, కాలు మార్చి నిలబడ్డాడు. "మా పిల్లదానికి కొన్న బండి గిర్రున తిరుగుద్దండీ," అన్నాడు చివరికి.

బావకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "గిర్రున తిరిగేది బొంగరం. ఇది గూడ్సు," అన్నాడు. దర్జీ మళ్ళీ ఆ మెట్లెక్కలేదు.

ఇంకో సంగతి చెప్పాలి. భోజనానికి కిందికి వెళ్ళే వేళకు బండి కొండ మీద ఉంటే బావ ఒకే మాట అడిగేవాడు: "మాస్టరుగారూ, చెక్కలు పెట్టారా?" డ్రైవరు లేని బండిని వాలులో వదిలేటప్పుడు చక్రాల కింద చెక్కముక్కలు దూర్చాలి. అసలు రైల్లో అది రూలు. ఇక్కడ అగ్గిపుల్లలు ముక్కలుగా విరిచి, ఒక్కో వ్యాగను చక్రం కింద ఒక్కోటి పట్టకారుతో పెట్టాలి. రేడియోకు ఆ పనంటే చచ్చేంత విసుగు. కింద కూరలు చల్లారిపోతుంటాయి, ఇక్కడ నడుం వంచుకుని పుల్లలు దూర్చాలి.

"ఆ చెక్కలు లేకపోతే ఎక్కడికి పోతుందండీ? అడుగడుక్కీ రూలేనా?" అని ఒకసారి సణిగాడు.

బావ నవ్వలేదు. "కుర్రతనంలో నా కళ్ళముందే చెక్కల్లేని బండి ఒకటి దానంతటది కదిలిందండి. మొదట ఎంత మెల్లిగా కదిలిందంటే, పక్కన నడుస్తూ వెళ్ళి ఎక్కేయొచ్చు. అందరం చూస్తూ ఉన్నాం. ఎవరూ ఎక్కలేదు."

ఆ తర్వాత ఏమైందో ఆయన చెప్పలేదు. రేడియో అగ్గిపుల్లలు విరిచాడు.

వణుకు బావ కుడిచేతి బొటనవేలితో మొదలైంది. చలి అనుకున్నారు. తర్వాత చెయ్యంతా వచ్చింది. డాక్టరు మంచివాడే, మెత్తగానే చెప్పాడు గానీ చెప్పినదాంట్లో మెత్తదనం ఏమీ లేదు. ఇది వెనక్కి తగ్గే జబ్బు కాదు, మందులతో కాస్త నెమ్మదిస్తుంది, అంతే. బావ అన్నిటికీ సర్దుకున్నాడు. చొక్కా బొత్తాలు అక్క పెడుతుంటే గోడవైపు చూస్తూ నిలబడటం నేర్చుకున్నాడు. గడ్డం అక్కే గీసేది. పలచటి కూరలు మానేశాడు. మేడ మీద రెగ్యులేటరు దగ్గర మాత్రం సర్దుకోలేకపోయాడు. ఫ్యాను రెగ్యులేటరు లాంటి పిడే అది; తిప్పితే బండి కదులుతుంది, సున్నాకు తెస్తే ఆగుతుంది, బ్రేకూ అదే. చెయ్యి వణికితే అది వణుకుతుంది, అది వణికితే ఇంజను ఎగిరెగిరి పడుతుంది. ఒకరోజు వంపులో వ్యాగన్ల మధ్య కొక్కెం ఊడిపోయి, వెనక సగం బండి జర్రున జారి, తోసే ఇంజనును కూడా లాక్కుని లోయలో పడింది. ఎత్తి పెట్టారు. మళ్ళీ పడింది. మళ్ళీ ఎత్తిపెట్టారు.

ఇంకోసారి పడ్డాక బావ కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు. "మాస్టరుగారూ, ఈ డ్రైవర్ని మార్చెయ్యండి," అన్నాడు.

ఆ సాయంత్రం అక్క గేటుదాకా వెంట వచ్చింది. గేటు గడియ వేస్తూ, తీస్తూ, మళ్ళీ వేస్తూ మాట్లాడింది.

"ఒరేయ్, మీ బావకు ఇంకేం మిగల్లేదురా. ఆ మెట్లెక్కాలి కాబట్టి పొద్దున్నే లేస్తున్నారు. ఆ గది కూడా పోయిందనుకో, మంచమెక్కేస్తారు. ఎక్కితే మళ్ళీ దిగరు. ఆయన సంగతి నాకు తెలీదా? నువ్వేం చేస్తావో నాకు తెలీదు. ఆ బండి మాత్రం ఆయన చేతే నడవాలి."

ఎంత సులువుగా చెప్పేసింది! మెదడులో నరాలు బాగుచెయ్యడం రేడియో వల్ల అవుతుందా? అతనికి తెలిసినవి తీగలు. తీగలతో ఏం చెయ్యొచ్చో అది చేశాడు. మొదట చిన్న వణుకుల్ని మింగేసేలా రెగ్యులేటరు లోపల ఏవో బిగించాడు. కొన్నాళ్ళు పనిచేసింది. వణుకు పెరిగింది. చివరికి ఒకరోజు పెందలాడే వచ్చి, బావ రెగ్యులేటరు తీగను బల్ల కింద కత్తిరించేశాడు. తన స్టేషను బల్ల కింద, మోకాళ్ళ దగ్గర ఇంకో రెగ్యులేటరు బిగించుకున్నాడు. బావ చెయ్యి ఎటు తిప్పబోతుందో చూడటం, తను అటు తిప్పడం. ఇంతే ఉపాయం.

ఒక్కటే అడ్డం వచ్చింది. కొండకు అవతల బావ, ఇవతల రేడియో, మధ్యలో శిఖరం. బావ ముఖం కనబడుతుంది గానీ చెయ్యి కనబడదు. రేడియో రంపం తీసుకుని, సొరంగం జోలికి పోకుండా పైనున్న శిఖరం కోసేశాడు.

బావ పైకి వచ్చి చూసి నిలబడిపోయాడు. "ఇక్కడ కొండ ఉండాలి కదండీ?"

"కొండచరియ విరిగిపడిందండీ, డ్రైవరుగారూ."

బావ ఆ కోత వంక చాలాసేపు చూశాడు.

"లైను మీద రాళ్ళేమైనా పడ్డాయా?"

"తీయించేశామండి."

"అయితే కొన్నాళ్ళు అక్కడ నడక వేగమే. బోర్డు పెట్టించండి."

బోర్డు పెట్టారు. ఆ చోట బండి పాకుతూ వెళ్ళింది. రేడియోకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావ చెయ్యి రెగ్యులేటరు మీద టపటపా కొట్టుకుంటూనే ఉంది, బండి మాత్రం నూనె రాసినట్టు ఎక్కుతోంది. పై స్టేషనులో సరిగ్గా ఎర్రదీపం ముందు ఆగింది. బావ ఆ దీపం వంకా, తన చేతి వంకా మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖంలో వెలుగు చూసి ఎన్నాళ్ళయిందో! ఆ ఒక్క ముఖం కోసం రేడియో పది శిఖరాలు కోసేసేవాడు.

"కుదురుకుంటోందిరా," అన్నాడు మెట్లు దిగుతూ. గదిలో కాదు కనక ఒరేయ్ అనొచ్చు. "మందు పనిచేస్తోంది."

అసలు చిక్కు అక్కడ మొదలైంది. బావ ఆ మాట నమ్మాడు. అక్కకు చెప్పాడు, డాక్టరుకు చెప్పాడు, గోడ మీది నుంచి దర్జీని పిలిచి మరీ చెప్పాడు. బండి నడిపే చెయ్యి గడ్డం గీసుకోలేదా అని ఒక పొద్దున అక్క చేతిలోంచి బ్లేడు లాక్కున్నాడు. చెంప మీద, గడ్డం కింద రక్తం కారుతుంటే తువ్వాలు అడ్డం పెట్టుకుని, "బ్లేడు కొత్తది," అన్నాడు. ఇంకో రోజు పొయ్యి మీది టీ గిన్నె తనే దించబోయాడు. తొడ మీద బొబ్బలెక్కాయి. అక్క మందు రాస్తూ తమ్ముడి వంక చూసింది. "పైన అంత బాగా నడుపుతున్నారట కదా. మరి ఇక్కడ ఇలా ఎందుకవుతోందిరా?" అంది.

రేడియో ఏం చెబుతాడు? తీగ మళ్ళీ కలిపితే బండి లోయలో పడుతుంది, బావ మంచమెక్కుతాడు. కలపకపోతే బావ తన చెయ్యి బాగుపడిందనుకుని ఇంకేదో పట్టుకుంటాడు, ఇంకెక్కడో కాల్చుకుంటాడు. ఉన్న మాట చెప్పడానికి రోజూ పొద్దున ధైర్యం కూడగట్టుకుని వచ్చేవాడు. గడప దగ్గర బావ "మాస్టరుగారూ, లైను?" అని హుషారుగా అడిగేవాడు. ఆ ధైర్యం ఎటు పోయేదో పోయేది. తన తెలివితేటల్ని తనే తిట్టుకుంటూ మోకాళ్ళ దగ్గర రెగ్యులేటరు పట్టుకునేవాడు.

"అవునూ, కింద వణికే చెయ్యి పైన వణకదేంరా?" అని ఒకరోజు టీ తాగుతూ బావే అడిగాడు. పైనా వణుకుతుందని ఆయనకూ తెలుసు. బండి వణకడం లేదని ఆయన ఉద్దేశం.

"పైన నువ్వు డ్రైవరువి బావా. కింద ఒట్టి మొగుడివి," అన్నాడు రేడియో.

బావ పగలబడి నవ్వాడు. అక్క గరిటె చూపించింది. ఆ పూటకు గండం గడిచిందని రేడియో ఊపిరి పీల్చుకున్నాడు. బావ నవ్వాడు గానీ ఆలోచించడం మానలేదు.

సొరంగంలో బండి ఎవరికీ కనబడదు. రేడియోకు ఆ కాస్తసేపే విశ్రాంతి. బావ చేతిని రెప్ప వెయ్యకుండా చూసి చూసి కళ్ళు లాగేసేవి. ఇంజను సొరంగంలో దూరగానే కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకునేవాడు. బండి తన దారిన తను వస్తుంది, సొరంగంలో డ్రైవరుకు మాత్రం ఏం పని ఉంటుంది అనుకున్నాడు. అతను ఏనాడూ ఇంజను ఎక్కినవాడు కాదు.

ఆ రోజు కూడా అద్దాలు తుడుచుకున్నాడు. పెట్టుకుని తలెత్తాడు. ఇంజను సొరంగంలోంచి బయటికి వస్తోంది, వెనకే వ్యాగన్లు ఒకదాని వెంట ఒకటి వస్తున్నాయి, అంతా సవ్యంగానే ఉంది. బావ రెండు చేతులూ ఆయన ఒళ్ళో ఉన్నాయి. రెగ్యులేటరు సున్నా దగ్గర ఉంది.

రేడియో పై ప్రాణం పైనే పోయింది. మోకాళ్ళ దగ్గర రెగ్యులేటరు గభాల్న కట్టేశాడు. బండి పై స్టేషనులో ఆగింది.

"మాస్టరుగారూ," అన్నాడు బావ. గొంతు మామూలుగానే ఉంది. "ఈ బండికి బ్రేకు లేదండి."

రేడియో చెయ్యి మోకాళ్ళ దగ్గరి రెగ్యులేటరు మీదే ఉంది.

"సొరంగంలో ప్రతి డ్రైవరూ బ్రేకు ఒకసారి తాకి చూస్తాడండి. దిగబోయే ముందు పట్టుందో లేదో తెలియాలి కదా. పట్టకపోతే పై స్టేషను చదునులోనైనా ఎలాగో ఆగొచ్చు. దిగడం మొదలయ్యాక తెలిసి ఏం లాభం?" బావ ఒళ్ళోని చేతుల వంక చూసుకున్నాడు. "మొన్న కొంచెం తాకాను. నిన్న సగం కట్టాను. ఇవాళ పూర్తిగా కట్టేసి చేతులు తీసేశాను. బండి మాత్రం షికారుకొచ్చినట్టు వచ్చేసింది."

"డ్రైవరుగారూ, అదీ..."

"బ్రేకు లేని బండిని డ్రైవరు దించకూడదు. ఫిట్టరు చూడాలి. చూసి, బాగుందని నోటితో చెప్పాలి. ఈ కొండకు ఫిట్టరు కూడా మీరే కదండీ. చూసి చెప్పండి."

తిట్టినా బాగుండేది. రేడియో బల్ల కిందికి దూరాడు. వెల్లకిలా పడుకుంటే ముఖం మీదంతా తీగలు. తను కత్తిరించిన చోటు కనబడుతూనే ఉంది, రెండు కొసలూ వేరు వేరుగా వేలాడుతున్నాయి. అలాగే వదిలేసి పైకి వచ్చి, ఏదో తీగ వదులైంది, బిగించాను అంటే సరిపోతుంది. బావ నమ్మకపోయినా నమ్మినట్టు ఊరుకుంటాడేమో. అక్కణ్ణుంచి బావ పాదాలు కనబడుతున్నాయి. కుడి పాదం కూడా చెప్పులో మెల్లిగా కొట్టుకుంటోంది. ఆ సంగతి ఇంకా ఎవరికీ తెలియదు, అక్కకు కూడా. రేడియో ఆ పాదం వంక చూస్తూ కాసేపు అలాగే పడుకున్నాడు. ఏడుపొచ్చింది. తర్వాత రెండు కొసలూ కలిపి అతికించాడు. మోకాళ్ళ దగ్గర బిగించుకున్నది ఊడబీకి బయటికి వచ్చాడు.

"బ్రేకు ఉందండి," అన్నాడు.

"ఇందాక?"

"ఇందాక లేదండి."

"ఎప్పటినుంచి?"

"కొండచరియ విరిగిన దగ్గర్నుంచి."

బావ తలూపాడు. కోపం లేదు. ఆ ముక్కు మీది కోపం ఇప్పుడు ఎక్కడికి పోయిందో! ఉంటే రేడియో పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది.

"చదును మీద ఒకసారి చూసుకుని దించుతాను. దీపం ఎర్రగానే ఉంచండి. దాని ముందు ఆపుతా," అన్నాడు బావ.

"ఇవాళ వద్దండీ. భోజనాల వేళైంది."

"ఫిట్టరు బాగుందన్నాక డ్రైవరు కాదనకూడదండి."

రేడియో తన చోటికి వెళ్ళి కూర్చున్నాడు. అతని మోచేతి పక్కనే కరెంటు మీట ఉంది. బండి సరిగ్గా దీపం ముందుకు రాగానే ఆ మీట నొక్కితే చాలు, ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. చెయ్యి దానంతటదే అటు జరిగింది.

"మాస్టరుగారూ, చేతులు బల్ల మీద పెట్టండి," అన్నాడు బావ.

రేడియో రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు.

బావ కుడిచేత్తో రెగ్యులేటరు పట్టుకున్నాడు, ఆ మణికట్టును ఎడమచేత్తో అదిమి పట్టుకున్నాడు. పళ్ళు బిగించాడు. ఇంజను ముందుకు ఎగిరింది, ఆగింది, మళ్ళీ ఎగిరింది. వ్యాగన్లు ఒకదానికొకటి గుద్దుకుని గలగలమన్నాయి. రెండు బొగ్గు ముక్కలు పట్టాల పక్కన రాలాయి. తర్వాత కాస్త కుదురుకుంది. ఆయన నుదురంతా చెమట పట్టింది. బండి నిజంగానే మెల్లిగా, బరువుగా, ఆయన చేతి కిందే కదులుతోంది. ఆపేస్తాడు, ఆపేస్తాడు అని రేడియోకు ఆశ పుట్టింది. బల్ల చెక్కను గోళ్ళతో పట్టుకున్నాడు. దీపం ఇంకో జానెడు దూరంలో ఉంది. బావ రెగ్యులేటరు కట్టబోయాడు. చెయ్యి కట్టేవైపు తిరిగి, ఉన్నట్టుండి విదిలించినట్టు తెరిచేవైపు తిరిగింది. ఆయన దాన్ని బలవంతాన మళ్ళించి సున్నా దగ్గరికి తెచ్చేసరికి ఇంజను ఎర్రదీపాన్ని దాటేసింది. ఎంతో కాదు, తన పొడుగు మేరకు. ముందు చక్రాలు దిగుడు మొదట్లో ఉన్నాయి.

ఆవగింజంత దీపం ఇంజను వెనక, మొదటి వ్యాగను పక్కన ఎర్రగా వెలుగుతోంది.

"బ్రేకు బాగుందండి," అన్నాడు బావ. "చెయ్యే బాలేదు."

"డ్రైవరుగారూ, కాస్త వెనక్కి తీసుకోండి. ఎవరు చూశారండీ? మనమిద్దరమే కదా ఉన్నది."

"నేను చూశాను కదండీ."

"బావా, నీకు దణ్ణం పెడతా..."

"గదిలో బావేమిటండీ?" అన్నాడు ఆయన. కుర్చీ చేతులు పట్టుకుని మెల్లిగా లేచాడు. దాటిన డ్రైవర్ని ఇంజను దించేస్తారు. దించడానికి ఎవరూ లేరు కనక తనే దిగాడు. తలుపు దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "వంపుల్లో మాత్రం బాగా నడిపారు. నాకంటే నెమ్మది," అన్నాడు. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగుతుంటే రేడియో పైనే నిలబడి వింటున్నాడు. వెళ్ళి చెయ్యి అందించాలని ఉంది. అందిస్తే పట్టుకుంటాడో లేదోనని భయమేసింది.

మర్నాడు బావ లేవలేదు. జ్వరం లేదు, నొప్పి లేదు. గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క బతిమాలింది, కేకలేసింది, వంటింట్లోకి వెళ్ళి కళ్ళు తుడుచుకుంది. డాక్టరు వచ్చి మందు మార్చి వెళ్ళాడు. రేడియో రోజూ వచ్చి మంచం పక్క కుర్చీలో కూర్చునేవాడు. "అడుగున ఖాళీ బండి నీకోసం చూస్తోంది బావా," అన్నాడు. పలకలేదు. "దర్జీ వస్తానన్నాడు, బొంగరం తిప్పడానికి," అన్నాడు. దానికీ పలకలేదు. అక్క టీ తెచ్చి పెట్టి, తమ్ముడి వంక చూసేది. ఆ బండి మాత్రం ఆయన చేతే నడవాలి అని గేటు దగ్గర ఆమె అన్న మాట రేడియో చెవుల్లో గింగిర్లు తిరుగుతూ ఉండేది. మేడ మీదికి మాత్రం వెళ్ళలేకపోయాడు.

ఒక మధ్యాహ్నం కుర్చీలో కునికిపాట్లు పడుతుంటే పిలుపు వినబడింది.

"మాస్టరుగారూ."

రేడియో ఉలిక్కిపడి లేచి నిలబడ్డాడు. కింది గదిలో, మంచం మీంచి ఆ పిలుపు ఎప్పుడూ విని ఎరగడు. "చెప్పండి," అన్నాడు.

బావ గోడవైపే చూస్తున్నాడు. "బండిని కొండ మీద వదిలేసి వచ్చాం. ఇంజను ముందు చక్రాలు దిగుడులో ఉన్నాయి. చెక్కలు పెట్టారా?"

పెట్టామండి అనబోయాడు. నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట, అంత అలవాటైపోయింది. మింగేశాడు.

"లేదండి. మర్చిపోయాను. ఇప్పుడే పెట్టొస్తాను."

అక్క దగ్గర అగ్గిపెట్టె అడిగి తీసుకుని పైకి వెళ్ళాడు. గదిలో గాలి ఆడక జిగురు వాసన వేస్తోంది. ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఆర్పడం కూడా మర్చిపోయాడు ఆ రోజు. బండి ఎక్కడ వదిలారో అక్కడే ఉంది. బొగ్గు మీద పలచగా దుమ్ము పట్టింది. నడుం వంచి, అగ్గిపుల్లలు విరిచి, పట్టకారుతో ఒక్కో వ్యాగను చక్రం కిందా ఒక్కో ముక్క దూర్చాడు. విసుగు రాలేదు. ఒకటి వదులుగా ఉందనిపిస్తే తీసి ఇంకోటి పెట్టాడు. చివరికి ఇంజను ముందు చక్రాల కింద రెండు వైపులా పెట్టి, వేలితో తోసి చూశాడు. కదల్లేదు. రాలిన రెండు బొగ్గు ముక్కలూ ఏరి వ్యాగన్లో వేశాడు. ఎర్రదీపం మాత్రం ఆర్పడానికి చెయ్యి రాలేదు.

కిందికి వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు.

"పెట్టానండీ, డ్రైవరుగారూ."

"అన్నిటికీ?"

"అన్నిటికీ."

"గట్టిగా ఉన్నాయా?"

"గట్టిగా ఉన్నాయండి. ఇక కదలదు."

బావ ఊపిరి వదిలి కళ్ళు మూసుకున్నాడు. దుప్పటి మీద ఆయన కుడిచెయ్యి కొట్టుకుంటూనే ఉంది. రేడియో మంచం అంచున కూర్చుని ఆ చేతిని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. అది ఆగలేదు.